ఇంటికొకరుగా పనిచేసేవాళ్లు సంఘం ఎలా కట్టారు? అమెరికా నల్లజాతి మహిళల సంగతి

మీరు అడిగింది ఇదీ. అమెరికాలో నల్లజాతి ఇంటిపని మహిళలు హక్కుల కోసం సంఘాలు కట్టారని క్లాసులో విన్నారు. ఫ్యాక్టరీ అయితే వెయ్యి మంది ఒక గేటు దగ్గర కలుస్తారు, ఇంటిపనిలో ఇంటికొకరే ఉంటారు, పైగా కార్మిక చట్టం కూడా వాళ్లకి వర్తించలేదు, మరి ఎవరు కలిపారు, ఎలా కలిపారు అన్నారు. హైదరాబాద్‌లో మీ కాలనీలో పనిచేసే ఆడవాళ్లతో ఏదైనా మొదలుపెట్టాలని ఉంది, ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా అని కూడా అడిగారు.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఇంటిపని కార్మికుల మధ్య పూర్తికాలం పనిచేశాను. తర్వాత అట్లాంటా వచ్చాను, ఇక్కడ కూడా సెలవు రోజుల్లో వాలంటీరుగా అదే పని చేస్తున్నాను. కాబట్టి పుస్తకంలో చదివినదీ, ఇక్కడి పెద్దావిడల పక్కన కూర్చుని విన్నదీ కలిపి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వాళ్లు పని జరిగే చోట కలవలేదు, పనికి వెళ్లే దారిలో కలిశారు. బట్టలు ఉతికే పెరడు, ఆదివారం చర్చి, బస్సు, వీధి మూల, పిల్లల్ని ఆడించే పార్కు. ఒక్కో తరం తనకి దొరికిన చోటు పట్టుకుంది. యజమాని కన్ను పడకుండా నలుగురు ఆడవాళ్లు రోజూ ఎక్కడ ఒక చోట ఉంటారో, సంఘం అక్కడే మొదలైంది. మిగతాదంతా దీని తర్వాతే.

అట్లాంటాతోనే మొదలుపెడతాను. 1881 నాటికి బానిసత్వం పోయి పదహారేళ్లే అయింది. అప్పుడు ఈ ఊళ్లో కూలికి వెళ్లే నల్లజాతి ఆడవాళ్లలో నూటికి 98 మంది ఇళ్లపనే చేసేవాళ్లు, అంటే వంట, పసిపిల్లల్ని చూడడం, ఊడవడం, బట్టలు ఉతకడం. అందులో బట్టలు ఉతికేవాళ్ల పరిస్థితి కొంచెం వేరు. వాళ్లు యజమాని ఇంట్లో ఉండి పనిచేయరు. సోమవారం మూటలు తెచ్చుకుని, బావి నుంచి నీళ్లు మోసుకుని, సబ్బు తామే కాచుకుని, గోధుమ తవుడుతో గంజి చేసుకుని, తమ పెరట్లోనే ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేసి శనివారానికి అప్పగించేవాళ్లు. ఇంత చాకిరీకి నెలకి 4 నుంచి 8 డాలర్లు. ఒక పెరట్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉతుక్కునేవాళ్లు, పిల్లలు కాళ్ల దగ్గరే ఆడుకునేవాళ్లు, మాటలు నడుస్తూ ఉండేవి. ఏ ఇంటివాళ్లు ఎంత ఇస్తున్నారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది అందరికీ తెలిసిపోయేది. వంటమనిషికి ఈ వీలు లేదు, ఆవిడ రోజంతా దొరసాని వంటింట్లోనే. సమ్మె వంటవాళ్ల దగ్గర కాకుండా ఉతికేవాళ్ల దగ్గర పుట్టడానికి కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఏడాది జూలైలో 20 మంది కలిసి వాషింగ్ సొసైటీ అని పెట్టుకున్నారు. 12 పౌండ్ల బట్టలకి ఒక డాలరు, ఊరంతటికీ ఇదే రేటు అని తీర్మానించారు. చర్చిల్లో పాస్టర్ల చేత చెప్పించారు, గుంపులుగా ఇంటింటికీ తిరిగారు, మూడు వారాల్లో 3,000 మంది అయ్యారు. ఉతికేవాళ్లలో తెల్లవాళ్లు చాలా కొద్దిమంది, వాళ్లనీ కలుపుకున్నారు, అది ఆ కాలంలో చిన్న సంగతి కాదు. ఊళ్లో మురికి బట్టలు పేరుకుపోయాయి. పోలీసులు వచ్చి గొడవ చేస్తున్నారని కేసులు పెట్టారు. సారా కోలియర్ అనే ఆవిడకి 20 డాలర్ల జరిమానా వేస్తే కట్టనంది, 40 రోజులు చైన్ గ్యాంగ్‌లో, అంటే గొలుసులతో చేయించే వెట్టికి పంపారు. ఇళ్ల యజమానులు అద్దె పెంచుతామని బెదిరించారు. చివరికి మునిసిపాలిటీ వాళ్లు, సంఘంలో ఉండే ప్రతి ఉతికే ఆవిడా ఏడాదికి 25 డాలర్లు లైసెన్సు ఫీజు కట్టాలని ప్రతిపాదన పెట్టారు. నెలకి 4 డాలర్లు వచ్చే మనిషికి 25 డాలర్లు అంటే సగం ఏడాది కూలి పోయినట్టే.

ఇక్కడ వాళ్లు ఇచ్చిన జవాబు చూడండి. మేయర్‌కి ఉత్తరం రాశారు. కడతాం, 25 కాదు, 50 అడిగినా కడతాం, కానీ అప్పుడు ఊరి ఉతుకుడంతా మా చేతిలో ఉండాలి, మా రేటే రేటు, ఈ వారం తేలాలి, లేదంటే ఉతకం, ఇదీ సారాంశం. శిక్షగా వేసిన ఫీజునే హక్కుగా తిప్పి అడిగారు. కౌన్సిల్ ఆ ఫీజు ప్రతిపాదనని వదులుకుంది. కూలి అందరికీ పెరిగిందా అంటే, కొందరికి పెరిగింది. కానీ ఆ శరదృతువులో ఊళ్లో పెద్ద పత్తి ప్రదర్శన జరగబోతోంది, దేశమంతా వస్తుంది, అప్పుడు వంటవాళ్లతో, ఆయాలతో సహా అందరం ఆపేస్తాం అని మాట పుట్టేసరికి ఊరి పెద్దలకి టెన్షన్ పట్టుకుంది.

సమ్మె అనగానే మనవాళ్లకి చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. ఆవిడ పోరాటం భూమి కోసం, పంట గింజల కోసం. ఇది కూలి రేటు కోసం, తాము చేసే పనికి తామే వెల కట్టే హక్కు కోసం. రెండూ గొప్పవే, కానీ కలిపేస్తే మీ ప్రశ్నకి జవాబు దొరకదు. ఇంకో మాట, ఈ సమ్మె గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్లని వ్యతిరేకించిన పత్రిక రాతల నుంచే వచ్చింది. ఆ ఆడవాళ్లు రాసిన మినిట్స్ పుస్తకం మనకి మిగల్లేదు. అందుకే మీరు మొదలుపెడితే మొదటి మీటింగు నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరొచ్చారు ఏమన్నారు అని వాళ్ల చేతే రాయించండి, చదువు రానివాళ్లుంటే వాళ్ల పిల్లల చేత రాయించండి.

ఇప్పుడు చట్టం సంగతి. మీరు విన్నది నిజమే. 1935లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ హయాంలో రెండు పెద్ద చట్టాలు వచ్చాయి, ఒకటి యూనియన్ పెట్టుకునే హక్కు, రెండోది సోషల్ సెక్యూరిటీ, అంటే ముసలితనంలో పెన్షను. 1938లో కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టం వచ్చింది. ఈ మూడింటి నుంచీ ఇంటిపనివాళ్లు, పొలం కూలీలు బయటే ఉండిపోయారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఈ రెండు పనులూ ఎక్కువగా చేసేది నల్లజాతివాళ్లే, దక్షిణాది సభ్యుల ఓట్లు లేకుండా ఆ చట్టాలు గట్టెక్కవు. చట్టంలో ఎక్కడా జాతి పేరు రాయలేదు, పని పేరు రాస్తే సరిపోయింది. అప్పుడు నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫున చార్ల్స్ హ్యూస్టన్ అనే లాయరు సెనేట్ కమిటీ ముందు, ఇది నల్లవాళ్లలో ఎక్కువమంది జారిపోయేంత కన్నాలున్న జల్లెడ అని చెప్పాడు. ఆ పోలిక నేను ఇక్కడ ట్రైనింగులో మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ చేతిలో జల్లెడ కళ్ల ముందు కదిలింది. పిండి కింద పడుతుంది, పైన మిగిలేది వేరే. ఎవరు పిండి, ఎవరు పైన మిగిలేవాళ్లు అన్నది జల్లెడ చేసినవాడే నిర్ణయిస్తాడు.

అదే 1935లో న్యూయార్క్ సంగతి కూడా చెప్పాలి. మాంద్యం రోజులు, పని లేదు. బ్రాంక్స్‌లో కొన్ని వీధి మూలల్లో నల్లజాతి ఆడవాళ్లు పనిబట్టలు కాగితపు సంచిలో పెట్టుకుని పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు. ఇల్లాళ్లు వచ్చి బేరమాడి తీసుకెళ్లేవాళ్లు, గంటకి 15 సెంట్ల నుంచి 30 సెంట్ల దాకా. మన లేబర్ అడ్డా ఎలా ఉంటుందో అచ్చం అలాగే. గడియారం ముల్లు వెనక్కి తిప్పి ఒక గంట కూలి మింగినవాళ్లు కూడా ఉన్నారు. ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు ఆడవాళ్లు తామే పని కోసం వచ్చినవాళ్లలా ఆ మూలల్లో నిలబడి, చూసినదంతా 'క్రైసిస్' పత్రికలో రాశారు. ఆ ఎల్లా బేకరే తర్వాత పౌరహక్కుల ఉద్యమంలో విద్యార్థుల్ని కూడగట్టిన మనిషి. ఇక 1934లోనే డోరా జోన్స్ నాయకత్వంలో న్యూయార్క్‌లోనే నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో ఒక డొమెస్టిక్ వర్కర్స్ యూనియన్ మొదలైంది, బిల్డింగుల్లో పనిచేసేవాళ్ల పెద్ద యూనియన్‌లో ఒక శాఖగా కూడా చేరింది. కానీ ఎక్కువమందిని చేర్చుకోలేకపోయింది. అడ్డా మీద నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పోటీ పడుతున్నప్పుడు, రేపు అదే మూలకి అదే మనిషి వస్తుందన్న నమ్మకం లేనప్పుడు, సంఘం నిలవడం చాలా కష్టం. హైదరాబాద్‌లో నాకూ ఇదే అనుభవం.

మాంట్‌గోమరీ బస్ బాయ్‌కాట్ చాలామందికి తెలుసు, బస్సుల్లో నల్లవాళ్లని వేరు చేసి కూర్చోబెట్టడాన్ని ఎదిరించి ఆ ఊరి నల్లజాతివాళ్లు బస్సులెక్కడం మానేశారు, 1955 డిసెంబరు నుంచి 381 రోజులు. నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ పేరు, బస్సులో సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ పేరు చెప్తారు. ఆ బస్సులు ఎక్కువగా ఎక్కేది ఎవరు? తెల్లవాళ్ల ఇళ్లకి పనికెళ్లే ఆడవాళ్లే. బాయ్‌కాట్ అంటే వాళ్లు నడవడమే. ఏడాది పైన నడిచారు. మేయరు తెల్ల ఇల్లాళ్లని, మీరు మీ పనిమనుషుల్ని కార్లలో ఎక్కించుకు రావడం వల్లే ఈ బాయ్‌కాట్ నడుస్తోంది, ఆపండి అని బతిమాలుకున్నాడు. వాళ్లు ఆపలేదు, ఎందుకంటే ఆపితే అంట్లు తామే తోముకోవాలి. ఈ ఒక్క విషయం చాలు, పనిచేసే మనిషి చేతిలో ఎంత బలం ఉందో తెలియడానికి.

అక్కడ జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఉంది. ఒక హోటల్లో వంట చేసేది. కింగ్ మీద కేసు నడిచినప్పుడు కోర్టులో సాక్ష్యం చెప్పింది, ఉద్యోగం పోయింది. ఆవిడ ఇంట్లోనే వంట మొదలుపెట్టింది, కొంతమంది ఆడవాళ్లని కూడగట్టి చికెన్ వేయించి, కేకులు, పైలు చేసి అమ్మించింది, ఆ డబ్బుతో, బస్సు మానేసినవాళ్లని పనికి దింపే కార్లకి పెట్రోలు. ఆ జట్టుకి క్లబ్ ఫ్రమ్ నోవేర్ అని పేరు, అంటే ఎక్కడిదీ కాని క్లబ్బు. డబ్బెక్కడిది అని ఎవరైనా అడిగితే ఎక్కడినుంచో అని చెప్పొచ్చు, వండినవాళ్ల పేరు బయటికి రాదు, కొన్నవాళ్ల పేరు కూడా రాదు, ఎవరి పనీ పోదు. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా యువత అందులోని ధైర్యం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం అందులోని జాగ్రత్త నచ్చుతుంది. ఇంటికొకరుగా పనిచేసేవాళ్లలో ఒకరి పేరు బయటపడితే సాయంత్రానికి పని పోతుంది, కాబట్టి సభ్యుల జాబితా ఎవరి చేతిలో ఉండాలి అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి.

ఇక డోరతీ బోల్డెన్. ఈవిడ గురించి ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే మీ ప్రశ్నకి అసలు జవాబు ఈవిడే. అట్లాంటాలోనే పుట్టి పెరిగింది, తొమ్మిదేళ్లకే పసిపిల్లల గుడ్డలు ఉతకడానికి కుదిరింది. 1940ల్లో ఒకసారి, పని టైమ్ అయిపోయింది, ఇల్లు చేరాలి, యజమానురాలు అంట్లు కూడా తోమి వెళ్లమంది, ఈవిడ తోమనని వచ్చేసింది. పోలీసులు పట్టుకెళ్లారు. తెల్ల యజమానురాలికి ఎదురు చెప్పింది కాబట్టి మతి చెడిందని అన్నారు, మానసిక వైద్యుల చేత పరీక్ష చేయించారు. అంట్లు తోమనన్నందుకు.

1960ల్లో ఆవిడ అట్లాంటాలోని వైన్ సిటీ అనే పేటలో, కింగ్ ఇంటికి దగ్గర్లోనే ఉండేది. ఇంటిపనివాళ్ల కోసం ఏదైనా చేయమని అడిగితే ఆయన, నువ్వే చెయ్యి అన్నాడని ఆవిడే తర్వాత చెప్పింది. చేసింది. ఆవిడ ఎంచుకున్న చోటు సిటీ బస్సు. పొద్దున్నే ఊరవతల తెల్లవాళ్ల కాలనీలకి వెళ్లే బస్సుల నిండా పనివాళ్లే. ఒక బస్సు ఎక్కి మాట్లాడుకుంటూ చివరిదాకా వెళ్లి, ఇంకో రూటు బస్సు ఎక్కి తిరిగొచ్చేది. నీకెంత ఇస్తున్నారు, నీకెంత, ఎన్ని గంటలు, భోజనం ఏం పెడతారు. కూలి ఎంతో పక్కనవాళ్లకి చెప్పడం సిగ్గు అనుకునే ఆడవాళ్ల చేత నలుగురిలో ఆ అంకె పలికించడమే ఆవిడ చేసిన అసలు పని. అప్పుడు రోజుకి పన్నెండు గంటలు చేసినా నాలుగైదు డాలర్లు దాటేది కాదు. 1968లో నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ యూనియన్ ఆఫ్ అమెరికా పెట్టారు. రోజుకి 15 డాలర్లు, దానిపైన బస్సు ఛార్జీ అన్నది వాళ్ల కోరిక.

యూనియన్ అని పేరే కానీ చట్టం ప్రకారం అది యూనియన్ కాదు, 1935 చట్టం వాళ్లని బయట పెట్టేసింది కదా. యజమానులందరి తరఫున వచ్చి కూర్చుని ఒప్పందం రాసే మనిషంటూ ఎవరూ లేరు. అందుకని ఆవిడ దారి మార్చింది. రేటు అందరూ కలిసి అనుకుంటారు, అడగడం మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్లే అడుగుతారు. ఎలా అడగాలో సంఘం నేర్పిస్తుంది. రిహార్సల్ చేయిస్తారు, ఒకరు దొరసాని, ఒకరు పనావిడ. దొరసాని కుదరదంటే ఏమనాలి, ఏడుస్తానంటే ఏమనాలి, నువ్వు మా ఇంటి మనిషివి కదా అంటే ఏమనాలి. చివరిది అన్నిటికన్నా కష్టం, ఇప్పటికీ అంతే, హైదరాబాద్‌లోనూ అంతే. ఆ మాటకి మెత్తబడి పదేళ్లు జీతం పెంచమని అడగనివాళ్లు నాకు తెలుసు. పని పోతే వేరే పని చూపించడం కూడా సంఘమే చూసుకునేది, తక్కువ ఇచ్చే ఇళ్లకి మనుషుల్ని పంపేది కాదు.

చేరడానికి ఒక డాలరు ఫీజు, ఇంకో షరతు, ఓటరుగా నమోదు చేసుకుని ఉండాలి. ఇది చాలా తెలివైన షరతు. దక్షిణాదిలో నల్లజాతివాళ్లకి ఓటు గట్టిగా చేతికొచ్చింది 1965 చట్టంతోనే, అప్పటికి మూడేళ్లు. వంటింట్లో ఒంటరిగా ఉండే మనిషికి యజమాని ముందు బలం లేకపోవచ్చు, కానీ ఆమెలాంటి వేలమంది ఓట్లున్నాయంటే ఊళ్లో ఎన్నికల్లో నిలబడేవాళ్లందరూ ఆ ఆఫీసు మెట్లు ఎక్కాల్సిందే, ఎక్కారు. ఆ సంఘాన్ని ఆవిడ పాతికేళ్లకి పైగా నడిపింది. 2005లో చనిపోయింది.

అట్లాంటా ఒక్కటే కాదు. క్లీవ్‌లాండ్‌లో జెరల్డీన్ రాబర్ట్స్ 1965లోనే ఒక సంఘం పెట్టింది. ఇలా ఊరూరా పుట్టినవాటిని కలిపి 1971లో వాషింగ్టన్‌లో ఈడిత్ బార్క్స్‌డేల్ స్లోన్ ఆధ్వర్యంలో పెద్ద సభ పెట్టారు, దాదాపు 600 మంది వచ్చారు. హౌస్‌హోల్డ్ టెక్నీషియన్స్ ఆఫ్ అమెరికా అని పేరు పెట్టుకున్నారు. టెక్నీషియన్ ఏమిటి అని అప్పుడూ కొందరు నవ్వారు. కానీ అరవయ్యేళ్ల ఆవిడని పదేళ్ల పిల్లాడు పేరు పెట్టి పిలుస్తాడు, ఆవిడ మాత్రం వాణ్ణి మిస్టర్ అని పిలవాలి, అలాంటి చోట పేరు మార్చుకోవడం చిన్న విషయం కాదు. వాళ్ల ప్రమాణాల పట్టికలో కూలి, గంటలు, సెలవు, సోషల్ సెక్యూరిటీ పక్కనే ఎవరు ఎవరిని ఎలా పిలవాలి అన్నది కూడా ఉంది. మనదగ్గర ఒసేయ్, ఏమే అని పిలిచే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మీరు మొదటి మీటింగులో ఏం మారాలి అని అడగండి, జీతం తర్వాత రెండో మాట ఇదే వస్తుంది. కొన్నిచోట్ల మొదటి మాటే ఇది.

వాళ్ల ఒత్తిడితో, అమెరికా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, సభ్యురాలు షర్లీ చిషోమ్ పట్టుదలతో, 1974లో కనీస వేతనం ఇంటిపనివాళ్లకీ వర్తించింది. అంతకుముందు ఏడాది అధ్యక్షుడు నిక్సన్ ఇదే మార్పుని వీటో చేశాడు. చిషోమ్ వాళ్లమ్మ కూడా ఇళ్లలో పనిచేసిన ఆవిడే. అంటే 1938 నుంచి 1974 దాకా, ముప్పయ్యారేళ్లు. అప్పుడు కూడా ఒక కన్నం మిగిల్చారు. ముసలివాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి తోడుగా ఉండేవాళ్లని 'కంపానియన్' అని వేరు చేసి కనీస వేతనం లేకుండా చేశారు. అది పక్కింటి పిల్ల సాయంత్రం వచ్చి తాతగారి దగ్గర కూర్చునే పని అని వాళ్ల ఉద్దేశమట. కానీ తర్వాత అదే పెద్ద కంపెనీల వ్యాపారం అయిపోయింది. జమైకా నుంచి వచ్చిన ఎవలిన్ కోక్ అనే ఆవిడ న్యూయార్క్‌లో ఇరవయ్యేళ్లు ఈ పని చేసి, వారానికి 70 గంటలు చేసినా ఓవర్‌టైమ్ లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో తొమ్మిది మంది జడ్జీలూ ఆవిడకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఒళ్లు హూనమయ్యేలా ఇంతమందికి సేవ చేసిన మనిషి 2009లో చనిపోయింది. 2013లో రూలు మార్చారు, 2015 నుంచి అమలైంది, ఏజెన్సీల్లో పనిచేసే హోమ్ కేర్ వాళ్లకి కనీస వేతనం, ఓవర్‌టైమ్ వచ్చాయి. 2025 జూలైలో కార్మిక శాఖ ఆ రూలుని వెనక్కి తీసుకునే ప్రతిపాదన పెట్టింది. చట్టం వచ్చేసింది కదా అని ఇళ్లకి వెళ్లిపోతే ఇదీ జరిగేది, అందుకే ఇక్కడి పెద్దావిడలు గెలిచిన రోజున కూడా తర్వాతి మీటింగు తేదీ చెప్పకుండా ఎవరినీ కదలనివ్వరు.

2000 తర్వాతి కథ కొంచెం వేగంగా చెప్తాను. అప్పటికి ఈ పనిలోకి కరీబియన్ నుంచి, లాటిన్ అమెరికా నుంచి, ఫిలిప్పీన్స్, నేపాల్, మన దేశాల నుంచి వచ్చినవాళ్లు కలిశారు. న్యూయార్క్‌లో 2000లో డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్ మొదలైంది. ఈసారి చోటు పార్కు. నానీలు, అంటే పిల్లల్ని చూసుకునే ఆయాలు, పిల్లల్ని ఉయ్యాలల దగ్గరికి తెస్తారు, అక్కడే కరపత్రం, అక్కడే పరిచయం. బార్బడోస్ నుంచి వచ్చిన బార్బరా యంగ్ లాంటివాళ్లు నానీలుగా పనిచేస్తూనే నాయకులయ్యారు. ఆరేళ్లు బస్సులేసుకుని న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి తిరిగి 2010లో దేశంలోనే మొదటి ఇంటిపనివాళ్ల హక్కుల చట్టం సాధించారు. వారానికి ఒక రోజు సెలవు, వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్, ఇంట్లోనే ఉండి చేసేవాళ్లకి 44 దాటితే, ఏడాది పనిచేశాక మూడు రోజుల జీతంతో సెలవు, లైంగిక వేధింపుల నుంచి రక్షణ. మూడు రోజులా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. తర్వాత కాలిఫోర్నియా, మసాచుసెట్స్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల చట్టాలు వచ్చాయి. న్యూజెర్సీ చట్టం 2024లో అమల్లోకి వచ్చింది, రాతపూర్వక ఒప్పందం ఉండాలంటుంది. ఆ రాష్ట్రంలోని ఎడిసన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో నానీలని, వంటకి మనుషుల్ని పెట్టుకుంటాయి, అందులో మన పెద్దవయసు ఆడవాళ్లు కూడా ఉంటారు. చేతికి నగదు ఇచ్చేసి, మనవాళ్లే కదా కాగితం ఎందుకు అంటారు. మనవాళ్లే కాబట్టే కాగితం ఉండాలి, రేపు మాట తేడా వస్తే ఆవిడకి ఆధారం అదొక్కటే. ఇది ఎవరి మీదో కోపంతో అనడం లేదు, అలా మోసపోయి నాకు ఫోన్ చేసిన ఆవిడ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

2007లో అట్లాంటాలోనే నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ అలయన్స్ పుట్టింది, ఐ-జెన్ పూ దానికి ముఖ్య నాయకురాలు. అన్ని దేశాలవాళ్లూ కలిసిన సంస్థలో నల్లజాతి మహిళల మాట కింద పడిపోకూడదని వి డ్రీమ్ ఇన్ బ్లాక్ అనే విభాగం వేరుగా పెట్టుకున్నారు. వేరు కుంపటి ఎందుకు అని నేనూ మొదట్లో అనుకున్నాను, తప్పు నాదే. అట్లాంటా ఉన్న ఈ జార్జియా రాష్ట్రంలో ఈ పని చేసే నల్లజాతి ఆవిడకి వీసా సమస్య ఉండదు, కానీ వాళ్ల అమ్మమ్మా ఇదే పని చేసింది, అంతకు ముందు తరాలవాళ్లు బానిసలుగా ఇదే పని చేశారు. ఆ బరువు గురించి మాట్లాడుకోవడానికి ఒక గది కావాలి. హైదరాబాద్‌లో కులం గురించి మాట్లాడకుండా ఇంటిపనివాళ్ల జీతాల గురించి మాత్రమే మాట్లాడదాం అనుకున్న రోజుల్లో మేం చేసిన తప్పే ఇది. వేరే గ్లాసు, వేరే లిఫ్టు, దేవుడి గది ఊడవొద్దనడం, ఇవన్నీ మాట్లాడాకే ఆడవాళ్లు జీతం గురించి కూడా గొంతెత్తారు. అయితే జాతి, కులం ఒకటే అని మాత్రం రాయకండి, అవి నడిచే తీరు వేరు.

ఇప్పటికీ మిగిలినవి చాలా ఉన్నాయి. 1935 యూనియన్ చట్టం ఈ రోజుకీ ఇంటిపనివాళ్లని గుర్తించదు. ఉద్యోగంలో వివక్షకి వ్యతిరేకంగా ఉన్న ఫెడరల్ చట్టం 15 మంది పనివాళ్లున్న చోటే వర్తిస్తుంది, ఏ ఇంట్లో 15 మంది పనివాళ్లుంటారు? జార్జియాలో ఇంటిపనివాళ్లకంటూ హక్కుల చట్టమే లేదు. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికని అమెరికా ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. దక్షిణాఫ్రికా ఆమోదించింది, అక్కడి ఒక కేసు చెప్పి ఈ భాగం ముగిస్తాను. మరియా మహ్లాంగు అనే ఆవిడ 2012లో యజమాని ఇంటి ఈతకొలనులో పడి చనిపోయింది, ఒకే ఇంట్లో 22 ఏళ్లు పనిచేసిన మనిషి. ఇంటిపనివాళ్లకి ప్రమాద పరిహారం చట్టం వర్తించదన్నారు. ఆవిడ కూతురు, ఇంటిపనివాళ్ల యూనియన్ కలిసి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు, 2020 నవంబరులో గెలిచారు, ఆ మినహాయింపు చెల్లదని కోర్టు కొట్టేసింది.

మీ కాలనీ సంగతికొస్తే, నా మొదటి పొరపాటు చెప్తాను, మీరు చేయకుండా ఉండడానికి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక హాలు మాట్లాడి, బ్యానరు కట్టి, టీ పెట్టించి కూర్చున్నాను. ఇద్దరు వచ్చారు, ఒకావిడ వేరే మీటింగు అనుకుని వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వాళ్లకి ఇంట్లో సొంత పని ఉండే ఒకే ఒక్క పూట, వారం బట్టలు ఉతుక్కునేదీ, పిల్లల తలలు దువ్వేదీ అప్పుడే. ఆ పూట నేను పిలిచాను. తర్వాత ఏడాది ఒక అపార్టుమెంటు గేటు ఎదురుగా, ఉదయం ఏడు లోపు, రిజిస్టరులో సంతకం కోసం వాళ్లు ఆగే పది నిమిషాల్లోనే మొత్తం పని నడిచింది. మీ దగ్గర గేటు యాప్‌లు వచ్చాయి కాబట్టి ఆ పది నిమిషాలు కూడా ఉండకపోవచ్చు, అప్పుడు బస్టాపు, షేర్ ఆటో ఎక్కే చోటు చూసుకోవాలి.

ఒకే ఒక్క కోరికతో మొదలుపెట్టండి, పది వద్దు. నెలకి నాలుగు సెలవులా, పండగ బోనసా, రెండు పూటలకి జీతమా, అది వాళ్లు తేల్చాలి, మీరు కాదు. మీకు చదువుంది, ఇంగ్లీషు వచ్చు, అందువల్ల తెలియకుండానే మీ మాట పెద్దదైపోతుంది. బోల్డెన్ పనివాళ్లలో ఒక మనిషి, గిల్మోర్ ఒక మనిషి, ఆ 20 మంది ఉతికేవాళ్లూ అంతే. మీరు కుర్చీలు వేయొచ్చు, కాగితం రాయొచ్చు, లేబర్ ఆఫీసుకి తోడు వెళ్లొచ్చు. ఒకరి పని పోతే ఆ నెల గడవడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఎవరినీ అడగమని పంపకముందే చూసి ఉంచండి, అది లేకుండా పంపితే నష్టం మీకు కాదు, వాళ్లకి.

ముందు ఒక వారం రోజులు ఉదయం ఆరున్నరకి మీ కాలనీ బస్టాపులో నిలబడండి, చేతిలో కరపత్రం లేకుండా. ఏ రూటు బస్సులో ఎంతమంది దిగుతున్నారు, ఎవరు ఎవరితో కలిసి నడుస్తున్నారు, ఎక్కడ ఆగి మాట్లాడుకుంటున్నారు అన్నది రాసుకోండి. ఆ లెక్క ఇక్కడ పెట్టండి, కరపత్రంలో ఏం రాయాలో అప్పుడు మాట్లాడుకుందాం.